ఈ ఏడాది మన పార్సిళ్లు ఎలక్ట్రిక్ సైకిళ్ల మీదే

అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో మా ద్వారా పార్సిళ్లు పంపించేవారికీ, తెప్పించుకునేవారికీ నమస్కారం. కొంతకాలంగా చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "చేలల్లో మందు కొట్టడానికి డ్రోన్లు వచ్చేశాయి కదండీ, మీరు పార్సిళ్లకు ఎప్పుడు తెస్తారు?" అడగదగ్గ ప్రశ్నే. మేమూ ధరలు కనుక్కున్నాం, ఎగరేసేవారితో మాట్లాడాం, చేలగట్ల మీద నిలబడి గమనించాం. చివరకు చేతిలో ఉన్న పెట్టుబడంతా సరుకు మోసే ఎలక్ట్రిక్ సైకిళ్ల మీదే పెట్టాం. ఎందుకో, దానివల్ల మీకు ఏం మారుతుందో దాపరికం లేకుండా చెబుతాను.

ముందు బరువు సంగతి. పది లీటర్ల మందు ట్యాంకు మోసే డ్రోను ఒకసారి చార్జింగు పెడితే గాలిలో ఉండేది సుమారు పావుగంట. ఆ పావుగంటలోనే వెళ్లాలి, సరుకు దింపాలి, తిరిగి రావాలి. మన పార్సిళ్లేమో ఆకుల్లా తేలికైనవి కావు. రొయ్యల చెరువులో నీటికి గాలి కలిపే ఏరేటర్ యంత్రం గేర్‌బాక్సు పాడైతే రైతుకు ఆ రాత్రి నిద్ర ఉండదు. నీటిలో ఆక్సిజన్ పడిపోతే తెల్లవారేసరికి రొయ్యలు తేలిపోతాయి. కొత్త గేర్‌బాక్సు, దానితోపాటు రెండు రెక్కలు, ఇంకా దారిలో ఇవ్వాల్సిన నాలుగు పొట్లాలు ఒకే సైకిల్ పెట్టెలో పడతాయి. తొక్కే మనిషి కాక అరవై కిలోల దాకా మోస్తుంది. ఒక యూనిట్ కరెంటుతో నలభై, యాభై కిలోమీటర్లు తిరుగుతుంది. డ్రోను కరెంటులో ఎక్కువ భాగం బరువును గాలిలో నిలబెట్టడానికే ఖర్చయిపోతుంది.

చట్టం కూడా చూసుకున్నాం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో, 400 అడుగుల ఎత్తు వరకు ఎగరేయవచ్చు. అయితే నడిపేవారికి శిక్షణ పొందిన సర్టిఫికెట్ ఉండాలి, డ్రోనుకు గుర్తింపు సంఖ్య, బీమా ఉండాలి. కంటిచూపు దాటి పంపాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఊరి నుంచి ఊరికి పార్సిల్ అంటేనే కంటిచూపు దాటడం కదా! సైకిల్‌కు ఈ తలనొప్పి లేదు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు.

అసలు చిక్కు దింపడంలో ఉంది. మన ఇళ్లు కొబ్బరితోటల నడుమ ఉంటాయి. పైనుంచి చూస్తే మట్టలు తప్ప వాకిలి కనిపించదు. మట్టల సందున కరెంటు తీగలు, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీది నుంచి గాలి. సరే, ఎలాగో దింపారనుకుందాం. బండారులంక చేనేత చీర తెప్పించుకున్న ఆవిడ ముందు దాన్ని అరుగు మీద విప్పి, అంచును వెలుతురుకు పెట్టి చూసుకుంటుంది. నచ్చితేనే డబ్బు ఇస్తుంది, నచ్చకపోతే మడత చెడకుండా తిరిగి ఇచ్చేస్తుంది. మందులు తెప్పించుకునే పెద్దవారు ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అని పార్సిల్ తెచ్చిన మా అబ్బాయి చేత చీటీ చదివించుకుంటారు. "మేం చేలో ఉన్నామండీ, ఎదురింటి పిన్నిగారికి ఇచ్చేయండి" అని ఫోను వస్తుంది. మా పని సగం ఇదే. దీన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

సైకిళ్లకూ ఇబ్బందులున్నాయి. ముసురు పట్టిన రోజుల్లో పుంతల్లోని (చేల మధ్య మట్టిదారుల్లోని) ఒండ్రుమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ముద్దగా పేరుకుని చక్రం కదలనివ్వదు. దిగి పుల్లతో గీకి, మళ్లీ నాలుగడుగులు వేయాలి. అలాంటి రోజుల్లో సాయంత్రం చేరాల్సింది మర్నాడు పొద్దున చేరుతుంది. ఎదురుగాలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పడతాయి కాబట్టి వాటిని తరచూ తుడిచి గ్రీజు రాస్తున్నాం.

ఇక వరదలు. డ్రోను విలువ నాకు అక్కడే కనిపిస్తుంది. గోదావరి పొంగితే కనకాయలంక, అప్పనపల్లి, ఎదురుబిడియం కాజ్‌వేలు మునిగిపోతాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 17.75 అడుగులకు మూడో హెచ్చరిక. ఆ రోజుల్లో ఏ సైకిలూ లంకల్లోకి, అంటే నది మధ్య ఊళ్లలోకి, పోవడం కుదరదు. 2021 అక్టోబరులో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారు మణిపూర్‌లోని బిష్ణుపూర్ ఆసుపత్రి నుంచి లోక్‌తక్ సరస్సులో ఉన్న కరాంగ్ ద్వీపానికి డ్రోనుతో కోవిడ్ టీకాలు పంపారు. రోడ్డున 26 కిలోమీటర్లు, గాలిలో 15. పావుగంట లోపే చేరాయి. మన లంకల్లో నీళ్లు దిగేదాకా ఇన్సులిన్ కోసం, బీపీ మాత్రల కోసం ఎదురుచూసేవారికి అలాంటిది తప్పకుండా రావాలి. అది ఆసుపత్రులు, ప్రభుత్వం కలిసి చేయాల్సిన పని, పార్సిల్ చార్జీలతో నడిచేది కాదు. వారు మొదలుపెడితే ఏ ఇంట్లో ఎవరికి ఏ మందు కావాలో, ఇంటివారి అనుమతితో మా దగ్గరున్న వివరాలు ఉచితంగా ఇస్తాం. అవతలి ఒడ్డున అందుకుని ఇంటింటికీ చేర్చడానికి మా కుర్రవాళ్లు ముందుకొచ్చారు.

ప్రస్తుతానికి మారేవి ఇవి. పది కిలోల లోపు పార్సిళ్లకు చార్జీ పెంచడం లేదు. పెట్రోలు ఖర్చు తగ్గింది కాబట్టి ఆ భారం మీ మీద వేయనవసరం లేదు. అరవై కిలోలు దాటిన మోటార్లు, గేర్‌బాక్సులు పాత పద్ధతిలోనే ఆటోలో వస్తాయి, ఆటో చార్జీ వేరు. చెరువు సామాను రాత్రి పదింటి దాకా తీసుకుంటాం. కాజ్‌వే మీదికి నీరు ఎక్కితే పడవ మీద మా వాళ్లను పంపం, ఎంత అవసరమని చెప్పినా పంపం. పార్సిల్ ఈవలి ఒడ్డున భద్రంగా ఉంచి మీకు ఫోను చేస్తాం. లంకల్లో ఉంటూ రోజూ మందులు వాడేవారు జులై రాకముందే నెలకు సరిపడా తెప్పించి పెట్టుకోండి. జూన్ నెలంతా లంకలకు మందుల పార్సిళ్లకు చార్జీ తీసుకోం.