మా సంఘం వార్షిక నివేదిక: ఎడమ మూత్రపిండ సిర ఒత్తిడి – వ్యాయామం, వైద్యం, దినచర్య

గౌరవ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో అన్నిటికంటే అక్కరకు వచ్చింది చిన్న నోటు పుస్తకం. ఎంతసేపు నిలబడ్డారు, ఏ వ్యాయామం చేశారు, డొక్కలో నొప్పి ఎప్పుడు మొదలై ఎలా పడుకుంటే తగ్గింది, మూత్రం ఏ రంగులో ఉంది అనే నాలుగు సంగతులు రోజూ రాయమన్నాం. రోజువారీ లెక్కలు ఎవరు రాస్తారని మొదట్లో కార్యవర్గంలోనే సందేహం వచ్చింది. ఒక సభ్యురాలు తెచ్చిన పుటతో ఆ సందేహం తీరింది.

‘ఉదయం లేత పసుపు. మూడు గంటలు నిలబడ్డాక ఎర్రమట్టి నీళ్ల రంగు. మర్నాడు ఉదయం మళ్లీ లేత పసుపు.’ పుటలో రాసింది ఇంతే. అంతకుముందు ఆమె పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయని, బాధంతా మనసులోనే ఉందని ఒక వైద్యుడు చెప్పి పంపారు. ఆమె ఇచ్చిన మూత్ర నమూనాలన్నీ తెల్లవారి లేవగానే పట్టినవే. ఎడమ మూత్రపిండ సిర నలిగే ఈ సమస్య ఉన్న కొందరికి రాత్రంతా పడుకుని లేచాక మూత్రంలో ప్రోటీన్ కనిపించదు, నిలబడి తిరిగాక కనిపిస్తుంది. పుస్తకం చూసిన మరో వైద్యురాలు మధ్యాహ్నం రెండో నమూనా అడిగారు. అందులో ప్రోటీన్, రక్తం రెండూ ఉన్నాయి. ఆ తర్వాతే, రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ జరిగింది. మాట నమ్మించుకోవడానికి ఇంత కష్టపడాల్సి రావడం మాకు బాధగా ఉంది.

కొత్త సభ్యుల కోసం విషయం క్లుప్తంగా చెబుతాం. ఎడమ మూత్రపిండం నుంచి రక్తాన్ని తెచ్చే సిర, బృహద్ధమనికీ దాని నుంచి పుట్టి ముందువైపుగా కిందికి దిగి పేగులకు రక్తం అందించే సుపీరియర్ మెసెంటరిక్ ధమనికీ మధ్య సందులోంచి వెళ్తుంది. ఆ సందు ఇరుకైతే సిర పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే. 1972లో డి షెప్పర్ అనే వైద్యుడు రాసిన వ్యాసంతో ఈ సమస్యకు స్థిరపడిన నట్‌క్రాకర్ అనే పేరుకు అర్థం కూడా దాదాపు అదే. కొద్దిమందిలో సిర బృహద్ధమని వెనక నుంచి వెళ్లి వెన్నెముక దగ్గర నలుగుతుంది. వెనక్కి తన్నిన రక్తం వల్ల మగవారిలో ఎడమవైపు వెరికోసీల్ (వృషణం దగ్గరి సిరలు ఉబ్బడం), ఆడవారిలో పొత్తికడుపు బరువు రావచ్చు. అయితే స్కాన్‌లో సిర నలిగినట్టు కనిపించిన ప్రతివారికీ జబ్బు ఉన్నట్టు కాదు. ఏ బాధా లేనివారిలోనూ అలా కనిపిస్తుంది.

వ్యాయామంపై నెలనెలా జరిపిన సమావేశాలకే ఎక్కువమంది వచ్చారు. పరుగు, గెంతులు, ఊపిరి బిగబట్టి బరువులెత్తడం, పొట్ట కండరాలను బిగించే కసరత్తులు నొప్పినీ రక్తాన్నీ పెంచాయని చాలామంది చెప్పారు. దాంతో కొందరు కదలడమే మానేశారు. అది మంచిది కాదు. నడకను చిన్న చిన్న విడతలుగా చేయడం, నీళ్లలో వ్యాయామం, వెనక్కి ఆనుకుని తొక్కే సైకిలు, పడుకుని కాళ్లు కదిలించడం సభ్యులకు నప్పాయి. బలం పెట్టే క్షణంలో ఊపిరి వదలాలి. నొప్పి మొదలైతే పక్కకు తిరిగో బోర్లాగో పడుకుని చూడాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సన్నగా ఉన్నారని చుట్టూ ఉన్నవారు మెచ్చుకుంటారు. కానీ ఆ రెండు ధమనుల మధ్య మెత్తగా ఉండే కొవ్వు కరిగితే సందు ఇంకా ఇరుకవుతుంది. బక్కపలచని సభ్యులకు వైద్యులు ముందుగా చెప్పేది నెమ్మదిగా బరువు పెరగమనే. కాబట్టి వ్యాయామం కండ పట్టడానికి చేయాలి, ఒళ్లు కరిగించడానికి కాదు.

పిల్లల తల్లిదండ్రులు శస్త్రచికిత్స గురించే ఎక్కువగా అడిగారు. 18 ఏళ్లలోపు వారి విషయంలో సాధారణంగా కనీసం 2 సంవత్సరాలు కనిపెట్టి చూస్తారు. ఎదిగేకొద్దీ చాలామందిలో బాధ దానంతటదే తగ్గుతుంది. పెద్దవారిలో నొప్పి భరించలేకపోయినా, రక్తం ఆగకుండా పోతున్నా సిరను కోసి, గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిరకు కాస్త కిందుగా అతికే శస్త్రచికిత్స చేస్తారు. సిరను తెరిచి ఉంచే చిన్న గొట్టం, అంటే స్టెంట్ వేయించుకోవడం తేలిక పనిలా కనిపిస్తుంది గానీ, అది జారి గుండె వరకూ వెళ్లిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అందుకే సంతకం చేసే ముందు మరో వైద్యుడిని కూడా సంప్రదించమని కోరుతున్నాం. మూత్రంలో రక్తపు గడ్డలు పడినా, మూత్రం ఆగిపోయినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. పెద్ద మార్పులేమీ లేవు.

వచ్చే ఏడాది పిల్లల తల్లిదండ్రులకు వేరుగా సమావేశాలు పెట్టాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో చర్చకు వస్తుంది. మీ నోటు పుస్తకాలు తీసుకురండి. కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేనివారి కోసం హాలు వెనక భాగంలో ఈసారి కూడా చాపలు, దిండ్లు వేసి ఉంచుతాం. పడుకునే మాట్లాడవచ్చు, పడుకునే ఓటు వేయవచ్చు.

– కార్యదర్శి