స్కానర్ కంటే ముందు సూచిక కావాలి: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పాత రెవెన్యూ రికార్డుల స్కానింగ్ మాట వచ్చినప్పుడల్లా ఎన్ని పేజీలు పూర్తయ్యాయన్నదే లెక్క అవుతోంది. మేం అడిగేది వేరు. ఊరి పేరు చెబితే ఆ ఊరి కాగితాలు ఎక్కడున్నాయో చూపే సూచిక ముందు తయారు చేయించండి. అది లేకుండా స్కాన్ చేస్తే బీరువాలోని గందరగోళం హార్డ్‌డిస్కులోకి మారుతుంది, అంతే.

ఒంగోలు పక్కన ఒక ఊరు తీసుకుందాం. ఆ ఊరి చెరువు సంగతి తెలుసుకోవాలని ప్రకాశం జిల్లా రికార్డులతో మొదలుపెట్టినవాడు 1970 దగ్గర ఆగిపోతాడు. అంతకుముందు అది గుంటూరు జిల్లా. 1904కు ముందు నెల్లూరు. అందుకే ఒంగోలు తాలూకా శాసనాలు 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి వెలువరించిన మూడు నెల్లూరు సంపుటాల్లో ఉంటాయి. 1873లో వచ్చిన బాస్వెల్ నెల్లూరు మాన్యువల్‌ (జిల్లా వివరాల గ్రంథం) కూడా చూడాల్సిందే. అనంతపురానికైతే 1882 దాకా బళ్లారి రికార్డులే దిక్కు. 1925కు ముందు పశ్చిమ గోదావరి అనే జిల్లానే లేదు. 2022లో జిల్లాలు 26 అయ్యాక ఈ చిక్కుకు ఇంకో ముడి పడింది. కాబట్టి సూచికలో మొదట ఉండాల్సింది ఇదే: ప్రతి రెవెన్యూ గ్రామం ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉంది. 1985లో మండలాలు వచ్చాక కూడా కొన్ని కట్టలు పాత తాలూకా కేంద్రంలోనే ఉండిపోయాయి. ఇప్పటి మండలాఫీసులో అడిగితే "లేవండీ" అంటారు. పాపం, వాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇనాం (మాన్యం) భూముల వివరాలున్న ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలను విచారించి రాయించిన పుస్తకాలివి. ఒక్క పద్దు చదివితే చాలు: మాన్యం దేనికోసం, మెట్ట ఎంత, మాగాణి ఎంత, ఎవరిచ్చారు, మొదట ఎవరు పుచ్చుకున్నారు, విచారణనాటికి ఎవరి చేతిలో ఉంది, వాళ్ల వయసెంత, చివరికి అధికారి తేల్చిందేమిటి, టైటిల్ డీడ్ నంబరు. దశబంధం ఇనాం (చెరువు కట్టినందుకు, బాగుచేసినందుకు ఇచ్చిన మాన్యం) కనిపించిందంటే ఆ చెరువు బాగోగులు ఎవరి పూచీయో తెలిసినట్టే. గుడిలో ఆడిపాడిన స్త్రీలు, మంగళ్లు, చాకళ్లు పేరుపేరునా కనిపించే పుస్తకాలు ఇంకెన్ని ఉన్నాయి? 22-ఎ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) తగాదాల్లో మీ సిబ్బంది తిరగేసేదీ ఈ రిజిస్టరునే. కాబట్టి దీనికి పెట్టే ఖర్చు చరిత్ర పిచ్చివాళ్ల కోసమేనని ఎవరూ అనలేరు.

ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊళ్లు తిరిగి సేకరించిన కైఫీయత్తులతో (ఊరి చరిత్ర కథనాలతో) ఈ రిజిస్టరును పక్కపక్కన పెట్టి చదవాలి. కైఫీయత్తు చాలాచోట్ల కరణం చెప్పిన మాట. తన మాన్యానికి పాతదనం తెచ్చుకోవాలన్న ఆశ అందులో తొంగిచూస్తుంది. శక సంవత్సరం, సంవత్సరం పేరు పొసగుతున్నాయో లేదో చూడటం తొలి పరీక్ష. శక 1440కి 78 కలిపితే 1518, అది బహుధాన్య. వేరే పేరుంటే అనుమానించాల్సిందే. ఫసలీకి (రెవెన్యూ లెక్కల సంవత్సరానికి) 590 కలపాలి. ఏడాది జూలైలో మొదలవుతుంది కనుక 1269 ఫసలీ అంటే 1859-60. దాన్ని హిజ్రీ అనుకుని ఎక్కించేస్తే కాగితం ఏడేళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. డేటా ఎంట్రీకి కూర్చునేవాళ్లకు ఈ ఒక్క లెక్క నేర్పించినా సగం తప్పులు తగ్గుతాయి.

నంబర్ల గొడవ ఇంకోటి. పైమాషీ (పాత భూకొలత) నంబరు పోయి సర్వే నంబరు వచ్చింది, ఆపైన రీసర్వే నంబరు, ఇప్పుడు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు. పాతదానికీ కొత్తదానికీ లంకె చూపే పట్టిక పోయిందంటే 1860ల నాటి పద్దును నేల మీద గుర్తుపట్టడం అసాధ్యం. తాజా రీసర్వే జరిగిన ప్రతి ఊళ్లో ఆ పట్టికను డైగ్లాట్‌తో (పాత సెటిల్‌మెంట్ రిజిస్టరుతో), ఎఫ్‌ఎంబీతో (పొలాల కొలతల పుస్తకంతో) కలిపి భద్రపరచండి. ఊరి పేర్ల సంగతీ అంతే. ఇంగ్లీషు రిజిస్టర్లలో ఒకే ఊరు రెండు మూడు స్పెల్లింగులతో ఉంటుంది. కడప (Cuddapah) 'సి' అక్షరం కింద ఉంటుంది, 'కె' కింద కాదు. అన్ని రూపాలనూ తెలుగు పేరుకు కట్టాలి.

స్కానింగ్ విషయానికొస్తే, 300 డీపీఐకి తగ్గకుండా రంగుల్లోనే చేయించండి. నలుపు తెలుపులో తీస్తే ఎర్ర సిరా దిద్దుబాటు అసలు రాతలో కలిసిపోతుంది, అంచున పెన్సిల్‌తో రాసింది మాయమవుతుంది. కాగితాలు లోపలికి లాక్కునే మిషన్లు వాడొద్దు, పెళుసుబారిన పేజీ అందులో ముక్కలవుతుంది. కుట్టు దగ్గర అక్షరాలు పడకపోతే ఆ పేజీ మళ్లీ తీయాలి. మడత పటాలు విప్పి తీయాలి. ఖాళీ పేజీలనూ వదలొద్దు. వదిలితే తర్వాత పేజీ పోయిందా, ఖాళీగా ఉందా అన్నది ఎవరూ చెప్పలేరు.

సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) ప్రకారం 20 ఏళ్లు దాటిన విషయాలకు చాలా మినహాయింపులు వర్తించవు. ఆ మాట ప్రతి తహసీల్దారుకూ సర్క్యులర్‌గా పంపండి.

ముందు పాత ఒంగోలు తాలూకా ఒక్కదానితో మొదలుపెట్టండి. గొలుసుకట్టు రాత చదవగల విశ్రాంత ఉద్యోగులను, ఇద్దరు ముగ్గురినైనా, గౌరవ వేతనం మీద కూర్చోబెట్టండి. పక్కన కుర్రాళ్లను పెట్టండి. స్కానర్ టెండరు తర్వాత పిలవొచ్చు.

ఇట్లు,
స్థానిక చరిత్ర పరిశోధకులు