పట్టణాల్లో కొన్ని గోడలు జనానికి వదలండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోడల మీద రాసేవాళ్లను, బొమ్మలు వేసేవాళ్లను నేరస్తుల్లా చూడొద్దని, ప్రతి పట్టణంలో కొన్ని గోడలు వాళ్లకు వదిలిపెట్టాలని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

పోయిన వానాకాలం మా పట్టణంలో నాలా గోడ మీద డిగ్రీ చదివే పిల్లలు కొందరు ఒక బొమ్మ వేశారు. నడుం లోతు నీళ్లలో ఒక తల్లి, నెత్తిన గ్యాస్ సిలిండర్, చంకలో పిల్ల. కింద పెద్ద అక్షరాలతో ‘పూడిక తీసేదెప్పుడు?’ అని రాశారు. వారం తిరక్కముందే దాని మీద సున్నం పడింది. పక్కనే ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మాత్రం ఎండకు వెలిసి, చిరిగి కిందపడేదాకా వేలాడింది. పూడిక ఇప్పటికీ తీయలేదు. పిల్లల మీద కేసు పెడతారేమోనని ఇళ్లల్లో చాలా రోజులు టెన్షన్ పడ్డారు.

మంత్రి గారూ, గోడ రాత మనకు కొత్త సంగతేమీ కాదు. ఉద్యమ కాలంలో ఉస్మానియా, కాకతీయ క్యాంపస్‌ల గోడలు ఎలా ఉండేవో మీకు తెలుసు. అక్కడ నినాదాలిచ్చిన విద్యార్థి నాయకుల్లో కొందరు తర్వాత చట్టసభలకు కూడా వెళ్లారు. అంతకు చాలా ముందు నుంచే కమ్యూనిస్టు పార్టీలు, విద్యార్థి సంఘాలు ఊరూరా గోడలనే పత్రికలుగా వాడుకున్నాయి.

నేనూ విద్యార్థి సంఘంలో ఉన్నప్పుడు గోడలు రాశాను. సాయంత్రమే గోడకు సున్నం కొట్టి ఆరనిచ్చేవాళ్లం. రాత్రి ఇద్దరు సుద్ద పూసిన దారాన్ని చెరో కొసా పట్టుకుంటే మూడోవాడు మధ్యలో లాగి వదిలేవాడు, గోడ మీద తిన్నగా గీత పడేది. ఆ గీతల మధ్య జాజుతో అక్షరాలు, పక్కన నీలంతో నీడ. తెలుగు రాయడంలో ఒక చిక్కుంది. పైన గుడులు, కింద వత్తులు. చోటు ముందే చూసుకోకపోతే పై వరుస వత్తు వచ్చి కింది వరుస నెత్తిన కూర్చుంటుంది. అందుకే ఐదారు మాటల్లో సంగతి తేల్చేసేవాళ్లం. పొద్దున అడ్డా మీద కూలి కోసం నిలబడ్డ మనిషి, బస్సు కిటికీలోంచి చూసే ఆడమనిషి ఒక్క చూపులో చదువుకునేలా ఉండాలి. పేపర్ కొనలేనివాళ్లకు, ఫోన్‌లో బ్యాలెన్స్ లేనివాళ్లకు కూడా ఆ మాట చేరుతుంది. డబ్బున్నవాళ్లకు హోర్డింగులున్నాయి, టీవీ ప్రకటనలున్నాయి. చేతిలో ఏమీ లేనివాళ్లకు మిగిలింది గోడే.

ఉమ్మడి రాష్ట్రంలో బహిరంగ ప్రదేశాలు పాడవకుండా 1997లో చట్టం తెచ్చారు. దాని అవసరాన్ని నేను కాదనను. కోచింగ్ సెంటర్లు, అప్పులిస్తామనేవాళ్లు కనపడ్డ ప్రతి స్తంభానికీ కాగితాలు అంటించిపోతుంటే ఎవరికైనా చిరాకే. గోల్కొండ రాళ్ల మీద పేర్లు చెక్కేవాళ్లను ఎంతమాత్రం వదలొద్దు. ఒకరి ఇంటి గోడ మీద వాళ్లను అడక్కుండా రాయడమూ తప్పే. నా బాధల్లా సరుకు అమ్ముకునే ప్రకటనను, సర్కారును నిలదీసే మాటను ఒకే గాట కట్టడం గురించే. ఇలాంటి చట్టాలు చివరికి ఎవరి మీదికి పోతాయో చూస్తూనే ఉన్నాం. 2023 మార్చిలో ప్రధానమంత్రిని దించాలంటూ ఢిల్లీ గోడల మీద పోస్టర్లు వెలిస్తే పోలీసులు వందకు పైగా కేసులు పెట్టారు, ఆరుగురిని అరెస్టు చేశారు. అందుకు వాడిన చట్టాల్లో ఆస్తుల్ని వికారం చేయడాన్ని అడ్డుకునే చట్టం కూడా ఉంది.

బెంగళూరులో మరోలా జరిగింది. 2015లో బాదల్ నంజుండస్వామి అనే చిత్రకారుడు సుల్తాన్‌పాళ్య రోడ్డు మీద పెద్ద గుంత చుట్టూ చెరువులా రంగులు వేసి, అందులో మొసలి బొమ్మ పెట్టారు. జనం ఆగి చూశారు, పత్రికల్లో వచ్చింది, కార్పొరేషన్ వాళ్లు గుంత పూడ్చారు. 2019లో ఆయనే గుంతల రోడ్డును చంద్రుడి నేలలా చూపిస్తూ వీడియో తీయిస్తే ఆ రోడ్డూ బాగుపడింది. ఒక బొమ్మ అర్జీ కంటే ముందుగా అధికారి దగ్గరికి చేరితే అందులో సర్కారుకు పోయేదేముంది?

మన హైదరాబాద్‌లోనూ 2016లో ఎం.ఎస్. మక్తా బస్తీ గోడలను బొమ్మలతో నింపారు. నాకు అవి చాలా ఇష్టం, చూడ్డానికి ప్రత్యేకంగా వెళ్లాను. అయితే అందంగా ఉన్నంతవరకే బొమ్మకు చోటు, ప్రశ్న అడిగితే సున్నం అంటే ఎలాగండీ? ఇంగ్లీషు పాటల గాయకుడు జాన్ లెనన్ చనిపోయాక, 1980ల్లో చెకోస్లొవేకియాలోని ప్రాగ్ నగరంలో కుర్రాళ్లు ఒక గోడ మీద ఆయన బొమ్మలు, స్వేచ్ఛ గురించిన మాటలు రాశారు. అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం ఎన్నిసార్లు రంగు కొట్టించినా మళ్లీ రాశారు. ఆ ప్రభుత్వం పోయింది. ఇవాళ ఆ గోడను చూడ్డానికే దేశదేశాల నుంచి జనం వస్తున్నారు.

నేనడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి మున్సిపాలిటీలో, కార్పొరేషన్‌లోనైతే ప్రతి సర్కిల్‌లో, జనం తిరిగే చోట కొన్ని మున్సిపల్ గోడలు గుర్తించి, ఇక్కడ రాసుకోవచ్చని బోర్డు పెట్టండి. అక్కడ ఏం రాయాలో ముందుగా ఎవరికీ చూపించాల్సిన పని ఉండకూడదు. కులాన్ని, మతాన్ని, ఆడవాళ్లను కించపరిస్తే చూసుకోవడానికి వేరే చట్టాలున్నాయి. ప్రభుత్వ పనితీరు మీద రాసిన రాతను చెరపాల్సి వస్తే ఎందుకు చెరిపారో, ఏ అధికారి చెప్పారో రాతపూర్వకంగా ఇవ్వాలి. చదువుకునే పిల్లల మీద కేసు పెట్టేముందు పిలిచి మాట్లాడాలి.

మా పట్టణంలో కూరగాయల మార్కెట్ వెనక పొడవాటి మున్సిపల్ ప్రహరీ ఖాళీగా పడి ఉంది. ముందు దానికి అనుమతి ఇప్పించండి. సున్నం, రంగులు, కుంచెలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
విద్యార్థి సంఘంలో గోడలు రాసిన ఒక పౌరుడు