మోటారు పైకి తీసే ముందు స్టార్టర్ డబ్బా చూడండి

ఎడిటర్ గారికి,

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే వైండింగ్ షాపుల ముందు బోరు మోటార్లు వరుసకడతాయి. లో-వోల్టేజీకి కాలిందని ఒకరంటే, మోటారే నాసిరకమని ఇంకొకరంటారు. విప్పి చూస్తే అసలు కారణం చుట్లలోనే తెలిసిపోతుంది. మూడు చుట్ల కొసలనూ ఒకే చోట కలిపే స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల చుట్లు మాడి మూడోది చెక్కుచెదరకుండా ఉన్నా, చుట్లను ఒకదాని కొసకు ఒకటి కలిపే డెల్టాలో ఒక్క ఫేజు చుట్టే మాడి మిగతా రెండూ బాగున్నా అది ఫేజు పోయి కాలిన మోటారు. మూడూ సమానంగా మాడితే ఓవర్‌లోడో, లో-వోల్టేజీయో, నీళ్లు లేకుండా తిరగడమో అయివుంటుంది. వీటన్నిటినీ ఆపాల్సింది స్టార్టర్ డబ్బా. దాని జోలికి పోకుండా వైండింగ్ మాత్రం చేయించి దించితే అదే జబ్బు తిరగబెడుతుంది.

తిరుగుతున్న మోటారుకు ఒక ఫేజు పోతే అది వెంటనే ఆగిపోదు. మిగిలిన రెంటి మీదే లాగుతుంది. నిండు లోడు మీద ఆ రెండు ఫేజుల్లో కరెంటు సుమారు 1.73 రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే అవుతుంది. దీనికోసమే ఫేజు పోగానే మోటారును ఆపే ప్రివెంటర్ పెట్టించుకుంటారు. కానీ చవకలో దొరికేవి చాలావరకు వోల్టేజీని మాత్రమే చూస్తాయి. తిరిగే మోటారు పోయిన ఫేజులో తనే వోల్టేజీ పుట్టిస్తుంది, అదీ అసలు వోల్టేజీకి దగ్గరగా. దాంతో ప్రివెంటర్‌కు మూడు ఫేజులూ ఉన్నట్టే అనిపిస్తుంది. డబ్బా మీద మూడు లైట్లూ వెలుగుతూనే ఉంటాయి, బోరులో మోటారు మాడిపోతూ ఉంటుంది. కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి. మోటారుకు వెళ్లే తీగలు ప్రివెంటర్ రంధ్రాల్లోంచి దూరి వెళ్లేలా ఉంటే అది కరెంటును కొలిచే రకం. మోటారుకు కరెంటు కలిపి, తీసే కాంటాక్టర్‌లో ఒక పాయింటు కాలిపోయినా, బోరులో కేబుల్ జాయింటు విడిపోయినా పసిగట్టేది అదొక్కటే. సప్లై వైపు వోల్టేజీ చూసేదానికి ఆ తేడా తెలిసే వీలు లేదు.

కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే పరిస్థితి మరీ బాధాకరం. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని డయల్ చివరిదాకా తిప్పేస్తారు, లేదా తీగతో షార్ట్ చేసేస్తారు. జ్వరం చూపిస్తోందని థర్మామీటరు పారేయడం లాంటిది ఇది. సెట్టింగు నేమ్‌ప్లేటు మీది ఆంపియర్లకు మించకూడదు. 5 హెచ్‌పీ బోరు మోటారుకు అది మామూలుగా 8 నుంచి 10 మధ్య ఉంటుంది. పక్క చేను డబ్బాలో ఎంత పెట్టారో చూసి కాదు, మన ప్లేటు చూసి పెట్టాలి. స్టార్‌లో ఎక్కించి డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే మోటారు చుట్లకు వెళ్లే ఫేజు తీగల్లో ఉంటే ప్లేటు విలువలో 58 శాతానికే పెట్టాలి. అంటే 15 ఆంపియర్ల మోటారుకు 8.7. బోరు మోటారు చుట్టు తీగకు ఉండేది ప్లాస్టిక్ తొడుగు, అది బయటి మోటారంత వేడి తట్టుకోదు. పంపు ఇరుక్కుని 5 రెట్లు కరెంటు లాగుతుంటే 10 సెకన్లలోపు ఆపే రిలే కావాలి.

రిలే సరిగ్గానే పెట్టినా మోటారు కాలుతోందంటే కెపాసిటర్ ఎక్కడ కలిపారో చూడాలి. లైను మీద కరెంటు భారం తగ్గించడానికి 5 హెచ్‌పీకి సాధారణంగా 2 కేవీఏఆర్ సైజు కెపాసిటర్ పెడతారు. దాన్ని రిలే దాటాక మోటారు తీగలకు కలిపితే రిలేకు మోటారు అసలు కరెంటు కనబడదు. పవర్ ఫ్యాక్టర్ (తీసుకునే కరెంటులో పనికొచ్చే పాలు) 0.8 ఉన్న మోటారు 9 ఆంపియర్లు తీసుకుంటుంటే రిలేకు 7.7 మాత్రమే తెలుస్తుంది. కాంటాక్టర్‌కూ రిలేకూ మధ్యన కలిపితే ఈ ఇబ్బంది ఉండదు. అయితే మెయిన్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూసుకున్నాకే చెయ్యి వేయాలి.

ఇక కరెంటు రాగానే మోటారును వాటంతటవే ఎక్కించే ఆటో స్టార్టర్లు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నప్పుడు కూడా వీటిని తీసేయాలని ప్రభుత్వం రైతులను కోరింది. భూగర్భజలాల గురించి ఆ మాట సబబే. కానీ కరెంటు వచ్చిపోయిన ప్రతిసారీ అర్ధరాత్రి పాముల్లో, తడి గట్ల మీద నడిచి వెళ్లలేకనే రైతు దాన్ని పెట్టుకుంటున్నాడు. ఉత్త ‘తీసేయండి’ అంటే తీసేయరు. అసలు చిక్కు లెక్కలో ఉంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు సుమారు 33 ఆంపియర్లు ఇవ్వగలదు. 8 ఆంపియర్ల చొప్పున నాలుగు మోటార్లు నడిస్తే 32, అంటే సరిపోతుంది. ఎక్కేటప్పుడు మాత్రం ఒక్కోటి ఆరు రెట్లు లాగుతుంది. కరెంటు రాగానే నాలుగూ ఒక్కసారే లేస్తే 190 ఆంపియర్లు దాటుతుంది. వోల్టేజీ పడిపోయి మోటార్లు వేగం అందుకోలేవు. కాంటాక్టర్‌ను మూసి పట్టే కాయిల్ పట్టు చాలక అది కటకటా కొట్టుకుంటుంది, పాయింట్లు కాలి అతుక్కుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయిందా, నాలుగు మోటార్లూ రెండు ఫేజుల మీద పడతాయి. టైమరు ఉన్న స్టార్టర్ పెట్టి, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు మాట్లాడుకుని 1, 2, 3, 4 నిమిషాలని పంచుకుంటే ఈ గొడవే ఉండదు. ఎవరి నిమిషం ఎంతో డబ్బా మూత లోపల పెయింటుతో రాసుకోవాలి. ఫోనుతో నడిచే స్టార్టర్లకూ ఇదే వర్తిస్తుంది. అవి ప్రివెంటర్‌నూ రిలేనూ దాటేసి నేరుగా కాయిల్‌కు కరెంటు ఇచ్చేలా కలపకూడదు.

మోటారు ఎక్కకపోతే ముందు స్టార్టర్‌కు వచ్చే మూడు తీగల్లో రెండేసి మధ్య వోల్టేజీ చూడాలి, మూడు జతల్లోనూ 415కి దగ్గరగా ఉండాలి. స్టార్ట్ నొక్కితే చప్పుడే రాకపోతే స్టాప్ బటన్, రిలే కాంటాక్టు, కాయిల్ వరుసగా చూడాలి. నొక్కి ఉంచినంతసేపే నడిచి వదలగానే ఆగితే కాంటాక్టర్ పక్కనుండే హోల్డింగ్ కాంటాక్టుదే లోపం. తిరగకుండా గుర్రుమంటే వెంటనే ఆపేయాలి, ఒక ఫేజు అందడం లేదన్నమాట. కాలిన పాయింట్లను ఆకురాయితో రుద్దితే పైనున్న వెండి పూత పోతుంది. మూడింటినీ కలిపి సెట్టుగా మార్చుకోవడమే మంచిది.

నడుస్తూ ట్రిప్ అయితే, తీగ విప్పకుండానే కరెంటు కొలిచే టంగ్ టెస్టర్‌తో మూడు తీగల కరెంటూ రాసుకోవాలి. సగటుకీ ఏ ఒక్కదానికీ 5 శాతానికి మించి తేడా ఉంటే మెయిన్ తీసి, మోటారు తీగలు మూడింటినీ ఒకే వైపుకు ఒక్కో స్థానం జరిపి కలపాలి. మూడూ జరిపితే మోటారు తిరిగే దిశ మారదు. మళ్లీ నడిపి చూడాలి. ఎక్కువ కరెంటు పాత లైనులోనే ఉంటే లోపం సప్లైది. మోటారు తీగ వెంట జరిగితే కేబుల్‌లోనో మోటారులోనో ఉంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా మోటారును పైకి తీయించి, తీత కూలీ దండగ చేసుకునేవారు ఎంతోమంది. ఆ తర్వాత కేబుల్‌ను స్టార్టర్ నుంచి విప్పి, ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో తీగకూ ఎర్తుకూ మధ్య చూడాలి. 2 మెగాఓమ్‌లు పైబడితే ఫరవాలేదు, అర మెగాఓమ్ కన్నా తగ్గితే పైకి తీయాల్సిందే.

నీళ్లు తగ్గే బోర్లకు, నీళ్లు లేకుండా తిరిగితే మోటారును ఆపే డ్రై-రన్ రక్షణ తప్పనిసరి, ఎందుకంటే మోటారును చల్లబరిచేది ఆ నీళ్లే. నిండుగా పోస్తున్నప్పటి కరెంటులో 75-80 శాతానికి సెట్ చేసి, ఆపడానికి కొన్ని సెకన్ల వ్యవధి, మళ్లీ ఎక్కడానికి అరగంటకు తగ్గకుండా పెట్టాలి. కెపాసిటర్ తప్పు చోట ఉంటే ఈ లెక్కా తప్పుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత విద్యుత్తు వచ్చాక కెపాసిటర్, ఐఎస్ఐ మోటారు, ఘర్షణ తక్కువ ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు అని నాలుగు పొదుపు షరతులు పెట్టారు. స్టార్టర్‌లో రక్షణ గురించి వాటిలో ఒక్క ముక్క లేదు. కరెంటును కొలిచే ప్రివెంటర్‌నూ, ఆలస్యంగా ఎక్కించే టైమరునూ ఆ జాబితాలో చేర్చి రాయితీ ఇవ్వాలని రెండు రాష్ట్రాల డిస్కంలను కోరుతున్నాం. ప్రతి సీజను ముందు ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర చేతికందిన తీగ ఏదో చుట్టిన ఫ్యూజులు తీయించి సరైన గేజివి వేయించాలి. మండలానికో టంగ్ టెస్టర్, మెగ్గర్ ఇచ్చి ఐటీఐ ఎలక్ట్రీషియన్ విద్యార్థులతో స్టార్టర్ డబ్బాలు పరీక్ష చేయించాలి.

— పంపుసెట్ మెకానిక్‌లు