కుజుడు ఎదురు తిరిగిన ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, కార్తీక వనభోజనాలు, ఆదివారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. సంక్రాంతి ముగ్గులకు చోటు దొరక్క చివరి నిమిషంలో మేడమీదికి మారాం. జమాఖర్చుల పత్రం కోశాధికారిగారు విడిగా పంపారు. మిగతా నివేదికంతా పిల్లల గ్రహాల నమూనా గురించే. కార్యదర్శిగా ఆ మాత్రం పక్షపాతం చూపిస్తున్నాను, మన్నించండి.

అంతా పంచాంగ శ్రవణం దగ్గర మొదలైంది. శాస్త్రిగారు కుజుడి వక్రగతి గురించి చెబుతుంటే తెలుగు బడి పిల్ల ఒకతె లేచి, “గ్రహం వెనక్కెలా నడుస్తుందండీ?” అంది. “నడవదమ్మా, మనకలా కనిపిస్తుంది” అన్నారాయన. ఎందుకలా కనిపిస్తుందో చూపించే పని మా నెత్తిన పడింది.

ముందు పిల్లల్ని బెంగళూరు జవాహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియంకి తీసుకెళ్లాం. ఆ తర్వాతి ఆదివారం చెరువు గట్టున సౌరకుటుంబాన్ని వెయ్యి కోట్ల వంతు చిన్నది చేసి పరిచాం. సూర్యుడు 14 సెంటీమీటర్ల బంతి. పదిహేను మీటర్ల దూరంలో ఆవగింజంత భూమి. ఇరవై మూడు మీటర్ల దగ్గర కుజుడు, గసగస గింజ. మిరియమంత నెప్ట్యూన్‌ని పెట్టడానికి 450 మీటర్లు నడిచేసరికి పెద్దవాళ్లు సగంమంది టీ బండి దగ్గరే ఆగిపోయారు.

దూరాలు తెలిశాయి గానీ గట్టు మీద ఏదీ కదల్లేదు. కదిలే యంత్రం బాధ్యత విశ్రాంత ఇంజినీరుగారొకరు తీసుకున్నారు. కుజుడికి సూర్యుణ్ణి చుట్టిరావడానికి 687 రోజులు, భూమికి 365. అంటే 1.88 రెట్లు. 34 పళ్ల చక్రానికి 64 పళ్ల చక్రం కలిపితే సరిగ్గా ఆ లెక్కే. అట్టతో చేసిన మొదటి ప్రొటోటైప్‌లో భూమిని తిప్పితే కుజుడు ఎదురు దిక్కున తిరిగాడు! ఒకదానికొకటి ఆనుకున్న పళ్లచక్రాలు ఎప్పుడూ అలాగే తిరుగుతాయని అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తు రాలేదు. యంత్రాన్ని తిప్పే పిడిని పక్కనున్న మరో ఇరుసుకి మార్చి, అక్కణ్ణుంచి భూమికి 49-49, కుజుడికి 34-64 చక్రాలు వేశాక ఇద్దరూ ఒకే దారిన పడ్డారు. అసలు చక్రాల్ని పీణ్యా పారిశ్రామికవాడలో అక్రిలిక్ షీటుతో కోయించాం.

భూమి నుంచి కుజుడి మీదుగా పొడుగాటి పుల్ల ఒకటి బిగించాం. భూమి కుజుణ్ణి దాటేటప్పుడు పుల్ల కొస కాసేపు వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు సాగింది. అడిగిన పిల్ల పిడి వదల్లేదు.

క్రీ.శ. 2వ శతాబ్దంలో ఖగోళ శాస్త్రవేత్త టాలమీ భూమిని మధ్యలో పెట్టి, పెద్ద వలయం మీద చిన్న వలయం తిప్పి ఇదే వక్రగతిని రాబట్టాడు. మన పాత ఖగోళ సిద్ధాంత గ్రంథాల్లో గ్రహాల లెక్కకు వాడిన మంద, శీఘ్ర వృత్తాలూ ఆ తరహావే. 1543లో సూర్యుణ్ణి మధ్యకు తెచ్చిన కోపర్నికస్ కూడా చిన్న వలయాల్ని వదల్లేదు. “తప్పుడు నమూనా అన్నేళ్లెలా నిలిచిందండీ?” అని ఓ సభ్యుడు అడిగితే, “చెప్పిన చోటికి దాదాపుగా గ్రహం వస్తుంటే ఎవరు మారుస్తారు?” అన్నారు ఇంజినీరుగారు.

మన యంత్రానిదీ అదే తప్పు, కుజుడు గుండ్రంగా తిరుగుతున్నాడు. అతని దారి దీర్ఘవృత్తమని, అంటే కాస్త సాగిన వలయమని కెప్లర్ 1609లోనే ప్రకటించాడు. అది వచ్చే ఏడాది పని. పాత సైకిల్ బేరింగులుంటే పారేయకుండా దాచి ఉంచండి.