గుడ్లు ఎక్కడ, ఎప్పుడు?

అందరికీ నమస్తే, నిన్న ఫ్లాట్‌ఫిష్ (అంటే బల్లపరుపుగా ఉండే చేపలు) గుడ్లు ఎక్కడ, ఎప్పుడు పెడతాయని అడిగారు కదా, కాస్త వివరంగా చెప్తా. ఐరోపా ఉత్తరాన ఉన్న నార్త్ సీ అనే సముద్రంలో ప్లేస్ (plaice) అనే ఫ్లాట్‌ఫిష్ గుడ్లు పెట్టేది నడి చలికాలంలోనే, అదీ ఒడ్డున కాదు, లోపల సముద్రంలో. దాదాపు 2 మిల్లీమీటర్ల గుడ్డు, గాజుపూసలా తేలుతూ ప్రవాహంతో పాటు ఒడ్డు వైపు కొట్టుకొస్తుంది, ఈలోపు గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఒక కన్ను మెల్లగా రెండో పక్కకి జరిగిపోతుంది, నాకైతే ఇది ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే!

చలి బాగా ముదిరితే ఈ చేపపిల్లల్ని తినే రొయ్యలు తగ్గుతాయి, అందుకే 1963లో అంత గడ్డకట్టే చలికి కూడా ప్లేస్ పిల్లలు విపరీతంగా బతికాయి.

ఉప్పు తక్కువగా ఉండే బాల్టిక్ సముద్రంలో మాత్రం అసలు సంగతి ఉప్పు. ఉప్పు చాలకపోతే గుడ్డు తేలదు, మునిగిపోతుంది. అక్కడే ఫ్లౌండర్ అనే ఇంకో ఫ్లాట్‌ఫిష్‌లో ఒక రకం ఒడ్డు దగ్గర అడుగునే గుడ్లు పెట్టేస్తుంది, దాన్ని 2018లో వేరే జాతిగా గుర్తించారు.