ఆరేళ్లకొచ్చే దవడపన్ను పాలపన్ను కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను చీపురుపల్లి మండలంలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ముందుపన్ను ఊగితే మా క్లాసులో పండగే. ఊడితే ఇంటికప్పు మీదకి విసిరానని ప్రతివాళ్లకీ చెబుతారు. పాలపన్ను ఊడకముందే దాని వెనక కొత్తది కనిపిస్తే తల్లులు టెన్షన్ పడతారు గానీ, చాలామందికి అది తర్వాత సర్దుకుంటుంది. నా బాధ అది కాదు, అదే వయసులో దవడ చివర చప్పుడు లేకుండా వచ్చే పన్ను గురించి.

పాలపళ్లు 20. ఆరేళ్ల ప్రాంతంలో వాటి వెనకాల పైన రెండు, కింద రెండు పెద్ద దవడపళ్లు వస్తాయి. వాటికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. బిడ్డ పుట్టేనాటికే చిగురు లోపల గట్టిపడటం మొదలై, బయటికొచ్చాక జీవితాంతం ఉండాల్సిన పళ్లవి. పోతే మళ్లీ రావు.

ఈమధ్య మా రెండో తరగతి పాప మధ్యాహ్న భోజనం ఒకవైపే నములుతోంది. వరండా వెలుతురులో నోరు తెరిపించి చూశాను. కింది దవడపన్ను సగం ఇంకా చిగురు కిందే ఉంది, బయటపడిన సగంలో గాడి నల్లబడిపోయింది, అందులో బిస్కెట్ ముద్ద ఇరుక్కుని ఉంది. పన్ను పూర్తిగా పైకి రాకపోతే పక్క పళ్లకంటే పల్లంలో ఉంటుంది, బ్రష్ దాన్ని తాకదు. తల్లిని పిలిపిస్తే, "పాలపన్నే కదా టీచరమ్మా, ఎలాగూ ఊడిపోద్ది" అంది. ఆవిడనేం అనగలం? ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మరి.

పాలపన్ను పుచ్చినా వదిలేయకూడదు. పాల దవడపన్ను ముందే తీసేయాల్సి వస్తే ఈ ఆరేళ్ల పన్ను ముందుకి జరిగి, తర్వాత రావాల్సినదానికి చోటు లేకుండా చేస్తుంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ కింద బడికి వచ్చే డాక్టర్లు చూడాల్సినవాటిలో పళ్లు కూడా ఉన్నాయి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు టార్చి వేసి దవడ చివరిదాకా చూడమనీ, లోతు గాడులున్న పన్నుకు సీలెంట్ (గాడులు మూసి పుచ్చకుండా కాపాడే పూత) పూయించడానికి ప్రభుత్వాసుపత్రి పళ్ల డాక్టరుకు చీటీ రాసివ్వమనీ జిల్లా అధికారులను వేడుకుంటున్నాను. ఆ నాలుగు పళ్లు ఎక్కడుంటాయో మీ పత్రికలో ఒక బొమ్మ వేయండి. కత్తిరించి క్లాసు గోడకు అంటిస్తాను.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా